నాన్నకు తగిలించిన మాట

విశాఖపట్నంలోని జీఆర్ఈ సెంటర్‌లో, ఫోను లాకర్‌లో పెట్టేముందు సుహాసిని మరోసారి ఇంటికి ఫోన్ చేసింది.

"వచ్చినాడా?"

"లేదే," అంది తల్లి గున్నమ్మ. వెనకాల భావనపాడు తీరంలో అలల హోరు. "అందరి బోట్లూ వచ్చేసినాయి. మీ నానదీ, ఎల్లాజీ మావదీ రాలేదు. గాలి జోరుగా ఉన్నాది."

"వచ్చేస్తానమ్మా."

"వచ్చి ఏటి సేస్తావు, ఈదుతావా? పరీచ్చ రాయి. మనిషి గట్టెక్కేదాకా పేరు మాత్రం తలవకు. మనసులో కూడా."

వాళ్లింటి ఆనవాయితీ అది. వేటకెళ్లిన మనిషి ఆలస్యమైతే ఆడవాళ్లు అతని ఊసెత్తరు. తలుచుకుంటే సముద్రం వింటుందట.

సింగపూర్‌లో సముద్ర జీవశాస్త్రం సీటుకు ఈ స్కోరే ఆధారం. గడువు ముంచుకొచ్చింది, మళ్లీ రాసే వ్యవధి లేదు. సుహాసిని లోపలికి నడిచింది.

ఇంగ్లీషు పదాలు మొదట్లో ఆమె బుర్రలో నిలిచేవి కావు. రాజాంలో కోచింగ్ సారు బట్టీ పట్టమంటే పట్టింది, మర్చిపోయింది. చివరికి ఒక్కో పదాన్నీ ఊళ్లో ఒక్కో మనిషికి తగిలించింది. గారులస్ అంటే వాగుడుకాయ, చేపల జగ్గమ్మ. టాసిటర్న్ అంటే పెదవి విప్పని ఎల్లాజీ మావ. పదం కనబడితే చాలు, మనిషి ఎదురొచ్చి అర్థం చెప్పేసేవాడు.

వెర్బల్ సెక్షన్ మొదలైంది. జగ్గమ్మ వచ్చింది, క్లిక్. తరువాతి ప్రశ్నలో ఓ ఓడ తుపానులో చిక్కుకుంది. అందరూ వణుకుతుంటే కెప్టెన్ ఎలా ఉన్నాడన్నది ఖాళీ. జవాబుల్లో ఒకటి ఇంపెర్టర్బబుల్.

నెలల తరబడి చదివిన పదం. అర్థం రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకు తెలుసు. అది నాన్న పదం. ఆ తలుపు తనే మూసింది.

వదిలేసి ముందుకెళ్లింది. ఎదురుగా టాసిటర్న్. ఎల్లాజీ మావ కూడా సముద్రం మీదే ఉన్నాడు. అదీ రాలేదు. ఆ పైన సులువైన పదాలు కూడా అలుక్కుపోయాయి. తెర మూల గడియారంలో సమయం కరిగిపోతోంది.

అమ్మ మాట వింటే సీటు పోతుంది. వినకపోతే?

కళ్లు మూసుకుంది. జోగయ్య, అనుకుంది. పేరు మొత్తం అనుకుంది.

నాన్న కనిపించాడు. అల మీద బోటు నిట్టనిలువుగా లేచింది. మిగతావాళ్లు అంచులు పట్టుకుని అరుస్తున్నారు. ఆయన ఇంజను పక్కన గొంతుక్కూర్చుని, గంజిలోకి ఎండుచేప తుంచుకుంటున్నాడు. నదురూ బెదురూ లేదు.

క్లిక్. వెనక్కి వెళ్లి ఎల్లాజీ మావనూ పిలిచింది. క్లిక్.

చివర్లో తెర మీద స్కోరు పడింది. కావలసినదానికంటే కాస్త ఎక్కువే. దాన్ని చూసే ఓపిక లేదు. లాకర్ తాళం మూడోసారికి గానీ తిరగలేదు.

ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తింది నాన్నే.

"ఇంజను ఆగిపోనాదే. ఎల్లాజీ తాడేసి లాక్కొచ్చినాడు. దారంతా ఒక్క ముక్క ఆడితే ఒట్టు. పిచ్చెక్కిపోనాది నాకు."

సుహాసిని గోడకు జారగిలబడింది. ఈలోగా తల్లి ఫోను లాక్కుంది.

"ఒసే, పేరు తలవలేదు కదా?"

అబద్ధం నాలుక దాకా వచ్చి ఆగింది. "తలిసినానమ్మా."



"నేనూ తలిసినాన్లే," గొంతు బాగా తగ్గించి అంది గున్నమ్మ. "మీ నానకి సెప్పకు. రైలెక్కి వచ్చేయ్."