మడత చెదరని చొక్కా

ఏది ఆట, ఏది ఉత్త కాలక్షేపం అన్నది ఊళ్ళోవాళ్ళు ఎలా తేల్చుకుంటారో నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం ఆ తీర్పు మా ఆయనది, అదీ విడిచిన బట్టలు చూసి. మాది లాండ్రీ మరి. ముందు గదిలో ఇస్త్రీ బల్లలు, వెనక గదిలో మెషిన్లు, పక్కన ఖాళీ జాగాలో ఆరేసే తీగలు. వీధి చివరి ఆటల క్లబ్బు బట్టలన్నీ మా దగ్గరికే వస్తాయి. మోకాళ్ళ దగ్గర గడ్డి పసరుంటే ఫుట్‌బాల్, వీపంతా మట్టి కొట్టుకుపోతే కుస్తీ, చంకలు తడిసి మిగతాదంతా శుభ్రంగా ఉంటే బ్యాడ్మింటన్. మా ఆయన మూట విప్పుతూనే చెప్పేస్తారు. బట్ట మాయని ఆట ఆటే కాదని ఆయన సిద్ధాంతం. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

మెషిన్లు వచ్చాక ఆయన చేత్తో ఉతకడం మానేశారు. ఇంట్లోవాళ్ళు మ్యాచ్ ఆడి విడిచిన చొక్కా ఒక్కటే అందుకు మినహాయింపు. దాన్ని మెషిన్లో పడనివ్వరు. మర్నాడు పొద్దున్నే తొట్టి ముందు పీట వేసుకుని, తన చేత్తో ఉతికి, వీధిలోకి కనిపించే మొదటి తీగ మీద ఆరేస్తారు. గెలిచారా ఓడారా అని అడగరు. మా అబ్బాయి ఫుట్‌బాల్ ఆడినన్నాళ్ళూ వాడి చొక్కా ఆ తీగ మీదే ఊగింది. దారినపోయేవాళ్ళు దాన్ని చూసి, నిన్న మ్యాచ్ అయినట్టుందే అని ఆగి కబుర్లాడేవాళ్ళు.

ఆ తీగ మీద తన చొక్కా కూడా ఊగాలని మా అబ్బాయి కూతురికి చిన్నప్పటినుంచీ ఆశ. దాని నోట్లో నువ్వుగింజ నానదని మేమంతా గోరింక అని పిలుస్తాం. కాలేజీకి పోతున్నా ఆ పేరు పోలేదు. అంతటి వాగుడుకాయా క్యారమ్ బోర్డు ముందు కూర్చుందంటే మూగదైపోతుంది. క్లబ్బు పోటీలకు పేరిచ్చినప్పుడు నేరుగా వాళ్ళ తాత దగ్గరికే వెళ్ళి, మ్యాచ్ ఆడొస్తే నా చొక్కా ఉతుకుతావా తాతా అని అడిగింది. క్యారమ్స్ ఆట కాదు తల్లీ, కూర్చుని కాలం గడుపుకోవడం అన్నారు ఈయన, ఇస్త్రీ మీంచి తల ఎత్తకుండానే.

ఇంక చూడండి, ఆ మధ్యాహ్నమంతా దుకాణంలో అదే పంచాయితీ. పక్క కొట్టు మంగలాయన గడ్డం గీస్తున్న మనిషిని కూడా వదిలేసి వచ్చాడు. గాలం వేసి చేపలు పట్టడం కూడా ఆటేనని ఆయన వాదన. ఎందుకంటారా, ఆయన వారానికోసారి చేపలకు పోతాడు. గట్టున పడుకుని చేసేది ఆటైతే నేను రోజూ ఆడుతున్నానని మా అబ్బాయి వెక్కిరించాడు. గోరింక మాత్రం గట్టి ప్రశ్నే వేసింది.

"మరి ఈతగాళ్ళ సంగతేంటి తాతా? వాళ్ళకు మాయడానికి బట్టలేవీ?"

మా ఆయన ఒక్క క్షణం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టారు. "తువ్వాలు ఉంది కదా" అన్నారు.

అందరూ నవ్వారు. అది నవ్వలేదు. పోనీ, క్యారమ్స్ ఆడినా చెమట పడుతుంది, నా చేతులు చూడు అని చాపింది. ఉద్యోగానికి ఇంటర్వ్యూకెళ్ళిన వాడికి కూడా పడుతుంది, అదీ ఆటేనా అన్నారు ఈయన. మంగలాయన తన సగం గడ్డం మనిషిని గుర్తు చేసుకుని పరుగెత్తడంతో సభ ముగిసింది.

తర్వాత ఆ పిచ్చిపిల్ల ఏం చేసిందో వినండి. సెమీఫైనల్ గెలిచిన సాయంత్రం మోచేతుల దగ్గర మట్టి, ఛాతీ మీద మట్టితో ఉన్న చొక్కా తెచ్చి తొట్టిలో వేసింది. క్యారమ్స్ ఆడితే మట్టెక్కడిది అని నేననుకుంటూ ఉండగానే మా ఆయన దాన్ని ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఇన్నేళ్ళుగా పరాయివాళ్ళ చెమట వాసన చూసిన ముక్కు అది.

"ఈ మట్టి ఒంటి మీదుండగా అంటింది కాదు" అన్నారు. "విప్పి పూసింది."

తిట్టినా బాగుండేది. ఆ చొక్కాను తీసుకెళ్ళి ఎవరివో దుప్పట్లతో కలిపి మెషిన్లో వేశారు. గోరింక గుమ్మంలో నిలబడి ఆ మెషిన్ తిరుగుతున్నంతసేపూ చూసింది. ఫైనల్ దాకా ఆ రెండు రోజులూ మా ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, గోడ గడియారం ఇంత చప్పుడు చేస్తుందని నాకప్పుడే తెలిసింది.

ఫైనల్ రోజు దాని తెల్లచొక్కా నేనే ఇస్త్రీ చేశాను. భుజం నుంచి మణికట్టు దాకా కత్తి అంచులా మడత వచ్చేలా చేశాను. ఇంకేం సాయం చేయగలను?

మా ఆయన ఫైనల్ చూడ్డానికి రాలేదు. ఫుట్‌బాల్ బట్టల మూట అప్పగించడానికి వచ్చారు, తోడు నేను. మూట తీసుకోవలసిన గుమాస్తా ఆట చూస్తూ లేవనన్నాడు. దాంతో ఇద్దరం గోడవార బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. ఒళ్ళో మూట.

గోరింకకు ఎదురుగా పోస్టాఫీసులో ముద్రలు వేసే ఆవిడ. ఆవిడ మణికట్టు అలాంటిది మరి, కొడితే కాయిన్ మాట వింటుంది. గదినిండా జనం ఉన్నా బోర్డు మీద కాయిన్ల టకటకలు తప్ప ఇంకేం లేదు. నాకు ఆట తెలియదు. రెడ్ వేసిన వెంటనే తన కాయిన్ ఒకటి వేస్తేనే అది దక్కుతుందని పక్కన చేరిన మా అబ్బాయి చెవిలో చెబితే తెలిసింది. మా ఆయన బోర్డు వంకే చూడటం లేదు. అలవాటు ఎక్కడికి పోతుంది, ఆయన కళ్ళు చొక్కా మీదే ఉన్నాయి.

"కదలదేంటే ఇది?" అన్నారు చాలాసేపటికి, నాతో.

"కుర్చీ కదిలితే తప్పు నాన్నా" అన్నాడు మా అబ్బాయి.

నేనూ అప్పుడే పరీక్షగా చూశాను. వంగుతోంది, చెయ్యి చాపుతోంది, వేలు వదులుతోంది. అయినా భుజం భుజంలానే ఉంది. ఊపిరి పీలుస్తోందా లేదా అన్నట్టుంది. మంచి వేటపక్షిని చూసినప్పుడు ఒళ్ళు ఎలా జలదరిస్తుందో నాకలా అయింది. ఇదా మా వాగుడుకాయ అనుకున్నాను.

చివరి బోర్డులో రెడ్ వేసింది. గదంతా ముందుకు వంగింది. వెంటనే వేయాల్సిన కాయిన్ బోర్డు మూల పాకెట్ అంచుకు తగిలి, ఆలోచించి, ఆగిపోయింది. రెడ్ తిరిగి మధ్యలోకి వచ్చింది. పోస్టాఫీసావిడ ఇక అవకాశం వదల్లేదు, గెలిచేసింది. గోరింక లేచి, ఆవిడ చెయ్యి పట్టుకుని, ఎంత బాగా ఆడారక్కా అంది. అప్పటికిగానీ దాని కళ్ళల్లో నీళ్ళు రాలేదు.

ఇంటికొచ్చాక చొక్కా విప్పి తొట్టి వైపు పోకుండా తనే మెషిన్ పక్కనున్న కుప్ప మీద పెట్టి పడుకుంది.

మర్నాడు పొద్దున లేచి చూద్దును కదా, తొట్టి ముందు పీట వేసి ఉంది. మా ఆయన ఆ చొక్కాను వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నారు. గోరింక పళ్ళు తోముకోవడానికి వచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఇందులో ఉతకడానికేముంది?" అన్నారాయన.

దాని మొహం పాలిపోయింది. ఆయన ఆ మొహం వైపు చూడలేదు, నన్ను పిలిచి చొక్కా చూపించారు.

"నువ్వు పెట్టిన మడత ఇది. మనం చొక్కా ఇస్తే జనం మన గుమ్మం దిగేలోపే నలిపేస్తారు. ఇది అంతసేపు ఆడింది. ఒక్క ముడత చూపించు చూద్దాం. ఒంటిని అట్లా పట్టుకోవడం నీ కొడుక్కి చేతనైందా, నాకు చేతనవుతుందా?"

కుడిచేతి అంచు మాత్రం మాసింది. బోర్డు మీద జల్లే పౌడరు నేతలోకి ఇంకి, అక్కడ గుడ్డ అరిగి నున్నగా మెరుస్తోంది. ఆయన ఆ అంచొక్కటే వేళ్ళతో పట్టి నీళ్ళలో ముంచారు. మిగతా చొక్కా మీద చుక్క పడకుండా భుజాన వేసుకున్నారు. పసిబిడ్డ చెయ్యి కడిగినట్టు మెల్లగా కడిగారు. మడత చెదరకుండా తీసుకెళ్ళి మొదటి తీగ మీద ఆరేశారు.

గోరింక నా కొంగు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

మంగలాయన కొట్టు తీస్తూ మా తీగ వైపు చూసి ఆగాడు. "ఏంటన్నా, ఇస్త్రీ చొక్కా ఆరేశావు?"

మా ఆయన చేతులు తుడుచుకున్నారు.

"నిన్న మ్యాచ్ అయింది" అన్నారు.