కాత్యాయని అడిగిన ప్రథమ ప్రశ్న

కార్తికమాసపు ప్రభాతవేళ ప్రాగ్దిశాముఖమున పొడసూపిన బాలభానుని కిరణములు సముద్రతరంగశిఖరములపై నర్తించి తీరసైకతమును దాటి నారికేళవనములను దూరి కొండవాలున సుధాలేపధవళములై నిలిచిన కళాశాలాసౌధకుడ్యములను సోకి రాత్రి మంచుతో తడిసిన పెంకులనుండి సన్నని యావిరిని లేపుచుండెను. గంటమండపమున పావురములు చేరి గుసగుసలాడుచుండెను. అర్ధసంవత్సరపరీక్షాఫలములు తెలియు దినమగుటచే వసారాలలో విద్యార్థులును గుంపులు కట్టి గుసగుసలాడుచుండిరి. పావురములకు మాత్రము ఏ విచారమును లేదు.

ఆ గుంపులలో చేరుటకు వీలు లేనివారు వృక్షశాస్త్రపు తరగతిలో ఇరువురు కలరు. వారు స్త్రీలు. ఆ కాలమున ఆ కళాశాలయందు ఒక యాచారముండెను. విద్యార్థినులు వసారా చివరనున్న చిన్నగదిలో తలుపు ఓరగా వేసికొని కూర్చుండి ఉపన్యాసకుడు ఆ దారిని పోవునపుడు లేచి ఆయన వెనువెంట తరగతికి పోయి ప్రక్కగా వేసిన బల్లపై తలవంచుకొని పాఠము విని గంట మ్రోగినతోడనే మరల ఆయన వెనుకనే వెడలి తమ గది చేరవలయును. ఈ నియమమును విధించిన పెద్దలు తాము స్త్రీవిద్యకు మహోపకారము చేయుచున్నామనియే నమ్మియుండిరి. దాని ఫలమేమనగా కాత్యాయని యను విద్యార్థినికి ఆ కళాశాలాపండితుల ముఖములకంటె వీపులే బాగుగా తెలిసియుండెను.

ఈ యేలేశ్వరపు కాత్యాయని చిన్ననాట తన తల్లి ప్రసవవేదనతో ప్రాణములు విడుచుట కన్నులయెదుటనే చూచినది. వైద్యుడు వాకిట నిలిచియే యుండెను గాని పురుషుడగుటచే పురిటింటి గడప దాటనీయరైరి. ఆనాటినుండి తాను వైద్యురాలు కావలయునను కోరిక ఆమె హృదయమున గూడు కట్టుకొని యుండెను. తండ్రియు లేని ఆమెను పెంచినవాడు తాలూకా కచ్చేరీలో గుమాస్తాగానున్న అన్న విశ్వపతి. అతడు చెడ్డవాడు గాడు. ఆడపిల్లకు కళాశాల చదువేలయని బంధువులు నిత్యము చెవినిల్లు కట్టుకొని పోరుచుండ ఆ పోరు పడలేక చెల్లెలిని కళాశాలలో చేర్చిననాడే ఒక మాట చెప్పియుండెను.

"అమ్మాయీ, సగమేడు పరీక్షలో అన్నిటను కృతార్థురాలవైతివేని నీ చదువుకు ఎవరడ్డు వచ్చినను నేను చూచుకొందును. ఒక్కదానిలో తప్పినను ఇంట కూర్చుండవలయును. నలుగురి నోళ్లు మూయించుటకు నాకు వేరు దారి లేదు."

ఆ మాట విన్నదిమొదలు కాత్యాయని కనులు మూసికొని పుస్తకములను కంఠస్థము చేయనారంభించెను. కమ్మరి కొలిమివలె ఎడతెగక చదివెను. గ్రంథాలయమెట్లుండునో ఎరుగదు. శనివారపు వక్తృత్వసభలో ఎవరేమి మాటాడుదురో ఎరుగదు. తెలియనిది అడుగుట గురుధిక్కారమని ఎంచి నోరు కుట్టుకొని యుండెను. రెండవ విద్యార్థినియగు దేవవరపు సలోమి ఇందుకు పూర్తిగా భిన్నురాలు. ఆమె బడిపంతులుగారి కుమార్తె. తోచినదెల్ల అడుగును. తోచినచోటికెల్ల పోవును. ఒకనాడామె చెలికత్తెను చూచి నవ్వుచు ఇట్లనెను.

"కాత్యాయనీ, నీవు కళాశాలకు వచ్చుచున్నావా లేక పుస్తకమును గాలికి త్రిప్పి తీసికొనిపోవుచున్నావా? చదువుకొనుటకు మీ యింటి అరుగు చాలును గదా. ఇక్కడనున్నవి ఇక్కడనే చూడవలదా? ఒకరిని ఒక మాట అడుగవలదా?"

"నాకంత తీరిక యెక్కడిది సలోమీ? తప్పితినా మాయన్న మాన్పించును."

విద్యార్థులారా, ఈ కథ చెప్పువానికి మీపై కొంచెము కోపము కలదు కనుక ఇక్కడ ఒక్క మాట చెప్పక తప్పదు. అరుగుమీద దొరకునది కళాశాలకు వచ్చి వెదకువారును కళాశాలలోనే దొరకునది విడిచి పోవువారును ఈనాటికిని మెండుగానున్నారు. వారిని తిట్టి లాభము లేదు. భయము వారిచే ఆ పని చేయించుచున్నది.

అపరాహ్ణమున వృక్షశాస్త్రోపన్యాసకులగు పరాంకుశము నరహరాచార్యులవారు నొసట నిడుపాటి తిరుమణితోను మడతలు నలగని తలపాగతోను ఒక పుష్పమును చేతబట్టి తరగతికి విచ్చేసిరి. ఆయన మితభాషి. పరీక్షలో ఒక్కొక్కరి ముందర ఒక్కొక్క పుష్పమునుంచి దానిని చూచి చిత్రించి భాగములు గుర్తింపుడని యుండిరి. అట్లు చూచి చిత్రించిన సలోమియు మరి కొందరును తప్ప తక్కినవారందరును తప్పిరని చెప్పి కాత్యాయనిని లేచి నిలువుమనిరి.

"ఇదేమి పుష్పమమ్మా?"

"మందారమండి."

"మీ యింట నున్నదా?"

"పెరటిలో నున్నదండి. ప్రతిదినమును నేనే కోసి మా వదినగారి పూజకిత్తును. మిగిలినది జడలో పెట్టుకొందును."

"ఈ జాతియేనా?"

"ఈ జాతియేనండి. ముద్దమందారము."

"మరి పరీక్షలో ఇదియే నీ ముందరనుండగా ఐదురేకుల రేకమందారమును చిత్రించితివేమి?"

కాత్యాయని ఆయన చేతిలోని పుష్పమును చూచెను. పిదప మెల్లగా "పుస్తకములో అట్లున్నదండి. నా ముందరనున్న పువ్వే తప్పేమో యనుకొంటిని" అనెను.

తరగతి ఘొల్లుమనెను. ఆచార్యులవారు చేయి యెత్తి "నవ్వకుడు. మీలో అనేకులు అదియే చేసిరి. చేసితినని చెప్పినది ఈమె యొక్కతెయే" అనిరి.

కాత్యాయని కన్నుల నీరు గ్రమ్మెను. తల్లి ముఖము జ్ఞప్తికి వచ్చెను. చదువు పోయినది. రేపటినుండి వంటయిల్లే గతి. అట్లు సర్వమును పోయినదని నిశ్చయమైన ఆ క్షణముననే ఆమెకు చిత్రముగా గుండె తేలికయయ్యెను. పోవలసినది పోయినపిమ్మట భయపడుటకేమి మిగులును? ఆచార్యులవారు పుష్పమును బల్లపై నుంచి కూర్చుండుమని సంజ్ఞ చేసినను ఆమె కూర్చుండలేదు.

"అయ్యా, పుస్తకములోని పువ్వు నడుమ పుప్పొడి మోయు కేసరములు బోలెడున్నవి. ఈ పువ్వులో అవి యేమైనవి?"

ఆచార్యులవారి ముఖమున మబ్బు విడిచినట్లు సంతోషము కానవచ్చెను. అంతలో గంట మ్రోగెను.

"నేను చెప్పుటకంటె పువ్వు చెప్పుట మేలు. ప్రయోగశాల తెరచియే యున్నది" అని ఆయన పుష్పమును ఆమె చేతికిచ్చి వెడలిపోయిరి.

ఆచారము ననుసరించి ఆమె ఆయన వెనుక పోవలసియుండెను. పోలేదు. బాలురందరును కన్నులప్పగించి చూచుచుండగా సలోమి చేయి పట్టుకొని ఎవరి వీపును ముందు లేకుండ వసారాను దాటి ప్రయోగశాల ప్రవేశించెను.

చెల్లెలు తప్పినదను వార్త సాయంకాలమునకు కచ్చేరికి చేరెను. అట్టి వార్తలను చేరవేయుటకు బంధువులెన్నడును ఆలస్యము చేయరు గదా. విశ్వపతి ఖిన్నుడై తలగుడ్డ సవరించుకొని ప్రిన్సిపాలుగారితో చెప్పి ఆమె పేరు తీసివేయించుటకు నేరుగా కళాశాలకు వచ్చి ప్రయోగశాల కిటికీ ప్రక్కగా పోవుచుండెను. లోపల ఎవరో గట్టిగా వాదించుచుండిరి. ఆ కంఠము తన చెల్లెలిదని గుర్తించుటకు అతనికి కొంచెము సేపు పట్టెను. ఇంట ఆమె అట్లు మాటాడగా అతడెన్నడును వినలేదు. లోనికి పోయెను.

"అన్నయ్యా, నేను తప్పితిని" అని కాత్యాయని లేచి నిలిచెను.

"వింటినమ్మా. నీ పేరు తీసివేయించుటకే వచ్చితిని."

"వచ్చినవాడవు ఇది యొకమారు చూచి పొమ్ము."

ఆమె ఇంకను విప్పక బల్లపై మిగిలియున్న మరియొక మందారమును ప్రక్కకు జరిపి భూతద్దమును అతని చేతికిచ్చి విడదీసిన ఒక చిన్నరేకును చూపెను. "ఈ రేకు అంచు చూడుము. ఆ పచ్చని బుడిపె పుప్పొడితిత్తి. ఇది కేసరముగా పుట్టి రేకుగా మారుచు నడుమ ఆగినది. తక్కినవి పూర్తిగా మారినవి. అందుచేతనే ముద్దకట్టినది. ఇన్నాళ్లు కోసితిని గాని ఒక్కనాడును చూడలేదన్నయ్యా."

విశ్వపతి వంగి చూచెను. అతడును ఒకప్పుడు ఈ కళాశాలలోనే చదివి ఒకరిని ఒకమాట అడుగకయే వెడలి నాటినుండి కచ్చేరిలో పై కాగితము చూచి క్రింది కాగితము వ్రాయుచు కాలము గడుపుచుండెను. చాలసేపు చూచి తలయెత్తకయే అడిగెను.

"కేసరములన్నియు రేకులైపోయినచో కాయ యెట్లు కాయును? మన పెరటి చెట్టు ఎన్నడును కాయలేదు."

"కాయలేదు గనుకనే వదిన కొమ్మ విరిచి నాటినది" అని కాత్యాయని బదులు చెప్పెను.

"మంచి ప్రశ్న" అను మాట గుమ్మమునుండి వినవచ్చెను. నరహరాచార్యులవారు ఎప్పుడు వచ్చిరో అచ్చట నిలిచియుండిరి. "విశ్వపతీ, నా తరగతిలో కూర్చున్ననాడు ఇట్టిదొకటి అడిగియుండిన ఎంత బాగుండెడిది."

"ఆనాడు భయపడితినండి" అని విశ్వపతి తలవంచుకొనెను. పిదప సందేహించుచు "ఈమె తప్పిన దానికి ఏమైన ఉపాయము కలదా?" అనెను.

"లేదు. తప్పు తప్పే. వేసవిలో పరీక్ష మరల వచ్చును."

విశ్వపతి చెల్లెలివైపు తిరిగెను. "మనవారికేమని చెప్పుదునమ్మా?"

"తప్పితినని చెప్పుము. చదువు మాననంటినని గూడ చెప్పుము."

ఆమె కన్నులలో నీరు లేదు. తల్లి పోయిననాడు వాకిట వైద్యుని కాళ్లపై బడి లోనికి రమ్మని ఏడ్చిన పసిపిల్ల అతనికి స్ఫురించెను. విశ్వపతి ఉత్తరీయముతో ముఖము తుడుచుకొని పీట లాగుకొని కూర్చుండెను.

"చెప్పెదను. ఆ రెండవ పువ్వు ఇటు తెమ్ము. చీల్చుట యెట్లో నాకును చూపుము."

సలోమి నవ్వుచు సూదిని అతని చేతికందించెను. ఆ నలుగురును బల్లచుట్టు చేరి వంగి చూచుచుండగా ప్రిన్సిపాలుగారు తన గదికి తాళము వేసికొని ఆ కిటికీ ప్రక్కనుండియే యింటికి పోయిరి. ఆయనతో తనకొక పని యుండెనన్న మాట విశ్వపతికి స్ఫురింపనే లేదు.