ఎలుకల డేరాలో నేరం

ట్రేలో పడిన ఎలుక పెంటికను పట్టకారుతో పట్టుకుని నొక్కి చూసింది హేమమాలిని. అది నలగలేదు.

"యువరాజ్! ఎవరో లోపలికి దూరినారు!"

పక్క బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్న కప్పల పరిశోధకుడు యువరాజ్ అదిరిపడి గది నాలుగు మూలలా చూశాడు. "ఎవురు? దొంగోడా?"

"గదిలోకి కాదు. డేరాలోకి!"

మద్రాసు చెన్నైగా మారిన కొత్తలో ఆ పరిశోధనశాలలో రెండు ప్లాస్టిక్ డేరాలుండేవి. వాటిలో పుట్టి పెరిగిన ఎలుకల పేగుల్లో ఒక్క బ్యాక్టీరియా కూడా లేదు. వాటికి గాలి వడకట్టి పంపుతారు. మేత ఆవిరిలో ఉడికించి, ఒకదాని వెనక ఒకటిగా ఉన్న రెండు తలుపుల గూట్లోంచి పెడతారు. చెయ్యి పెట్టాలంటే గోడకు అతికించిన రబ్బరు తొడుగుల్లోంచే.

పెద్దపేగు తనలోకి వచ్చినదాంట్లోంచి ఉప్పు లాక్కుంటుంది, ఉప్పు వెంట నీళ్ళు పోతాయి. అక్కడ కాపురముండే బ్యాక్టీరియా పీచును పులియబెట్టి ఆమ్లాలు తయారుచేసి ఆ పనికి ఊతమిస్తుంది. మరి బ్యాక్టీరియా లేకపోతే? ఒంటరి పేగు ఎంతవరకు నెట్టుకొస్తుంది? హేమ పిహెచ్‌డి అదే. నెట్టుకొస్తుంది గాని నీళ్ళన్నీ లాగలేదు. అందుకే ఈ ఎలుకల పెంటికలు ఎప్పుడూ మెత్తగా, జారుగా ఉంటాయి.

ఉండాలి. ఇవాళ ఎడమ డేరాలో గోలీల్లా ఉన్నాయి. అంటే లోపల బ్యాక్టీరియా కాపురం పెట్టేసింది.

కాసేపట్లో ప్రొఫెసర్ శేషాద్రి తనిఖీకి వస్తున్నారు. డేరాలోకి క్రిమి దూరిందంటే ప్రాజెక్టు మూసేస్తానని ఆయన ముందే చెప్పారు. మూస్తే హేమ ఇన్నాళ్ళ చదువు చెత్తబుట్టలోకే.

"నువ్వేనా?" అంది యువరాజ్ వైపు తిరిగి.

"నేను ఏమిటికి దూరుస్తా?"

"నా ప్రాజెక్టు పోతే ఈ గది నీ కప్పలకు వస్తాది."

"నా కప్పలకు ఈ ఏసీ పడదు తల్లీ. జలుబు చేస్తాది." అతను లేచి వచ్చి ట్రేలోకి తొంగి చూశాడు. "ఇదేందిది? ఇంత చిన్న పెంటికా?"

హేమ ఆ నల్లటి గుండ్రటి గింజను పట్టకారుతో పైకెత్తింది. పెంటిక కాదు. ఆవగింజ. దాని పక్కనే ఎండిపోయిన కరివేపాకు ఈనె.

"తిరగమోత!" అన్నాడు యువరాజ్ గొంతు తగ్గించి. "నేను కాదు, ఒట్టు. మా హాస్టల్ వంటోడికి ఆవాలంటే ఏందో తెలీదు."

ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. పోయిన వారం ఆయుధపూజ. మైక్రోస్కోపులకు గంధం బొట్లు, ఫ్రిజ్‌కు పూలదండ, అందరి ఇళ్ళ నుంచీ జనం. హేమ పై అంతస్తులో మరమరాలు పంచడానికి పోయినప్పుడు ఈ గదిలో ఒక్కరే కూర్చున్నారు, ఒళ్ళో దద్ధోజనం గిన్నెతో.

హేమ ఫోన్ అందుకుని చింతాద్రిపేట ఇంటికి కలిపింది.

"అమ్మా! ఆ దినం ఎలుకలకు ఏమన్నా పెడితివా?"

"పెడితిని," అంది అమ్మణి ఏ బెదురూ లేకుండా, రిసీవరు దాటి గదంతా వినిపించే గొంతుతో. "పావం, నోరులేని జీవాలు. అన్నిటికీ బేదులు పట్టుకోనుండాది. నువ్వేమో కాగితం మీద రాసుకుంటా ఉండావు గాని ఒక పిడికెడు పెరుగన్నం పెట్టాలని తోచలా. కడుపు చెడితే పెరుగన్నం కాకుండా ఇంకేం పెడతారే?"

"అది బేదులు కాదమ్మా! అదే నా పరిశోధన!"

"బేదుల మీదనా?"

"రెండు తలుపులుండాయి కదా, ఎట్ల తెరిస్తివి?"

"టిపన్ క్యారియర్ తెరిచినట్లు. ముందు అది, మళ్ళా ఇది. రెండో డేరాకు పోతావుంటే నువ్వు వస్తివి. ఇప్పుడెట్లుండాయి? గట్టిపడిందా?"

హేమ వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి రిసీవరు తీసుకుంది. శేషాద్రి! ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో తెలియదు. యువరాజ్ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అమ్మా, నేను శేషాద్రిని. మీరు రోజూ ఒకే తోడు వాడతారా?"

"మా అత్తగారు ఇచ్చిపోయిన తోడు సారూ. ఒక్కదినం తప్పలా."

శేషాద్రి రిసీవరు మీద చెయ్యి మూసి హేమ వైపు చూశారు. "కుడి డేరాలో ఒంటరి పేగు. ఎడమ డేరాలో అదే వంశం, బ్యాక్టీరియా తోడున్న పేగు. రెండూ కొలిచి పోల్చొచ్చు. కాని లోపలికి పోయిందేమిటో తెలియకపోతే ఎడమ డేరా పనికిరాదు, నేను మూసేయాల్సిందే. నాకా పెరుగు కావాలి." చెయ్యి తీసి ఫోన్లో అడిగారు. "అమ్మా, మనిషిని పంపిస్తా. ఒక గిన్నె పెరుగు ఇవ్వండి."

"ఈ దినం శుక్రవారం సారూ. పెరుగు గడప దాటనియ్యను."

"మీ అమ్మాయి చదువు సంగతి."

"చదువుకు సరస్వతి ఉండాది. ఇంట్లోనుంచి లక్ష్మి పోతే ఎవురు తెచ్చిస్తారు? కావాలంటే మీరే రండి. మనుషులు గడప దాటితే తప్పేం లేదు."

గంటలో చింతాద్రిపేట వంటింట్లో ముక్కాలి పీట మీద ప్రొఫెసర్ శేషాద్రి కూర్చుని, గిన్నెలోంచి పెరుగు తీసి క్రిములను పెంచే గాజు ప్లేట్లలో పూస్తున్నారు. చెప్పులు వాకిట్లోనే విడవాల్సొచ్చింది. తర్వాత, ఆ చేతి క్రిములూ డేరాలోకి పోయుంటాయని, అమ్మణి వేళ్ళకు దూదిపుల్ల రాశారు. ఆవిడ చెయ్యి చాపి, "ఏమి సారూ, రేఖలు చూస్తారా?" అంది.

హేమ ప్లేట్లు పెట్టెలో సర్దబోయింది. అమ్మణి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అదీ పెరుగే కదా?"

శేషాద్రి ప్లేట్ల వైపు, ఆవిడ వైపు చూసి ఓడిపోయినట్టు పెట్టె మూసేశారు. "హేమా, ఈ వేడికి ఇక్కడే పెరుగుతాయిలే. రేపు శనివారం తీసుకురా. ఏవి పెరిగాయో తేలితే ప్రాజెక్టు ఉంటుంది. ఈలోగా మూత తీస్తే మాత్రం నీ చదువూ నా ప్రాజెక్టూ రెండూ పోతాయి."

ప్లేట్లు దోసెపిండి గిన్నె పక్కన చేరాయి. అమ్మణి వంగి వాటిని పరీక్షగా చూసింది.

"ఇవి పొంగుతాయా సారూ?"

"పొంగవమ్మా."

"అయితే ఉప్పెయ్యాల్నా?"

హేమ ముక్కాలి పీట లాక్కుని ప్లేట్లకు అడ్డంగా కూర్చుంది. శనివారం దాకా లేచేలా కనిపించలేదు.