ఏడో అధ్యాయంలో ఆరు లైన్లు

నాకు అనుమానం జబ్బని ఇంట్లో అందరూ అంటారు. ఆఫీసులో మాత్రం ఆ జబ్బుకే జీతం ఇస్తున్నారు. మాది రక్తపరీక్షల ల్యాబులకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీ. కొత్తగా చేరినవాళ్ళు మొదటి నెలంతా కిటికీ పక్క అరలో ఉన్న, కోడ్ రాయడం నేర్పే ఐదు పుస్తకాలు చదువుతారు. ఆ తర్వాతే కోడ్ ముట్టుకుంటారు. ఆ ఐదూ ఏవన్నది ఏడాదికోసారి తేల్చేది నేనే.

ఈసారి నా బల్ల మీదికి పద్దెనిమిది వచ్చాయి. ఒకదానికి నలుగురు ముందుమాటలు రాశారు. లోపల ఏముందో నలుగురిలో ఒక్కరూ చెప్పలేదు, చదివి ఉండరని నా అనుమానం. ఇంకోదాంట్లో ఉదాహరణలన్నీ వృత్తాలూ చతురస్రాలే. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నన్ను చతురస్రం కావాలని అడిగినవాడు ఒక్కడూ లేడు. మూడోదాంట్లో ప్రతి అధ్యాయం చివరా రచయిత నడిపే శిక్షణ తరగతుల గురించి పొగడ్తలు. దాన్ని కింద పడేసి చేతులు దులుపుకున్నాను.

నేను పెట్టే పరీక్ష ఒక్కటే. "ఇక్కడ నేను తప్పు చేశాను, దానివల్ల ఇలా జరిగింది" అని రచయిత ఎక్కడైనా ఒప్పుకున్నాడా? ఒప్పుకోలేదంటే అతను అసలు పనే చేసి ఉండడు, లేదా చేసి దాస్తున్నాడు. ఏదైనా నాకొద్దు. పద్దెనిమిదిలో నాలుగు గట్టెక్కాయి.

పందొమ్మిదోది మా తమ్ముడు తెచ్చాడు. రాసింది వాడే.

వాడు మూడేళ్ళు నా జట్టులోనే పనిచేసి, కిందటేడు మానేసి, ఇప్పుడు కాలేజీల్లో పాఠాలు చెబుతున్నాడు. ఆదివారం మా ఇంటికి వచ్చి, నేను మడతపెడుతున్న దుప్పటి మీద పుస్తకం పెట్టాడు.

"అక్కా, మొహమాటం ఏమీ వద్దు. బాగుంటేనే మీ అరలో పెట్టు."

"మొహమాటమా? నాకా?"

"అందుకేగా నా భయం. నువ్వు పెట్టావంటే కాలేజీలవాళ్ళు కూడా కళ్ళు మూసుకుని తీసుకుంటారు. లేదంటే అట్టపెట్టెల్లో మగ్గిపోతుంది."

మొహం మరీ అమాయకంగా పెట్టాడు. చిన్నప్పుడు నా పెన్ను పాళీ విరగ్గొట్టి, మూత పెట్టేసి, మళ్ళీ నా సంచిలో దూర్చినప్పుడూ ఇదే మొహం. ఇందులో ఏదో ఉందని అప్పుడే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆఫీసులో పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. మొదటి ఆరు అధ్యాయాలూ బాగున్నాయి. మావాడు అంత బాగా రాయడం కూడా నాకు అనుమానంగానే తోచింది. ఏడో అధ్యాయం దగ్గర పెన్సిల్ ఆగిపోయింది.

దాని పేరు 'శుభ్రం చేయడం'. మొదటి పేజీలో నలభై లైన్ల కోడ్ ఉంది. ఒక పార్సిళ్ళ కంపెనీది అని రాశాడు. పార్సిల్ అన్నచోటల్లా రక్తం సీసా అని పెట్టుకుని చదివాను. అది నా కోడ్. ఎనిమిదేళ్ళ కిందట నేను రాసింది. పేర్లు మార్చాడు కానీ నా రాతలోని వంకర్లు అలాగే ఉంచాడు.

పక్క పేజీలో అదే పనిని తొమ్మిది లైన్లలో చేసి చూపించాడు. తీసేసిన వాటిలో ఆరు లైన్ల మీద గీత గీసి, కింద ఇలా రాశాడు: "ఇవి ఎందుకున్నాయో బహుశా రాసినవారికే తెలియదు. భయంతో రాసిన కోడ్ ఇలాగే ఉంటుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. నలుగురిలో నన్ను వెక్కిరించి, ఆ వెక్కిరింతను నా చేతే అరలో పెట్టించాలనుకున్నాడా? ఫోన్ తీసి, మళ్ళీ పెట్టేశాను. తిట్టే ముందు సాక్ష్యం కావాలి. ఆ ఆరు లైన్లనూ మళ్ళీ చదివాను. ఒకే రోజు ఒకే సీసా నంబరు రెండోసారి వస్తే రిపోర్టు ఆపెయ్యాలి, మనిషిని అడగాలి. వాటి పని అంతే.

ఎందుకున్నాయో నాకు బాగానే తెలుసు. ఒక ల్యాబులో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా లేబుల్ ప్రింటర్ అంతకుముందు వేసిన నంబరునే ఇంకోసారి వేసేది. అలా ఒకసారి ఇద్దరి సీసాలకు ఒకే నంబరు అంటించారు. అక్కడి టెక్నీషియన్ చూసి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే ఆ ఆరు లైన్లూ రాశాను. ఎందుకు రాశానో మాత్రం పక్కన ఒక్క ముక్క రాయలేదు. నాకు గుర్తుంటుంది కదా అనుకున్నాను.

అప్పుడు ఇంకో అనుమానం పుట్టింది. వాడు ఆ తొమ్మిది లైన్లూ పుస్తకం కోసమే రాశాడా?

మా దగ్గర ఏ లైను మారినా ఎవరు మార్చారో, ఎవరు చూసి సరేనన్నారో, ఏ రోజో అంతా నమోదై ఉంటుంది. ఆ ఫైలు చరిత్ర తెరిచాను. పదకొండు నెలల కిందట, వాడు మానేసిన వారంలో, నలభై లైన్లు పోయి తొమ్మిది వచ్చాయి. మార్చింది తమ్ముడు.

చూసి సరేనన్నది నేను.

కింద నా మాట కూడా ఉంది. "చాలా బాగుంది." వాడు పంపడానికీ నేను సరేననడానికీ మధ్య రెండు నిమిషాలు. కొత్తవాళ్ళ కోడ్‌లో ఒక్క కామా తేడా ఉన్నా వెనక్కి కొట్టే నేను, మావాడిదని తెరవకుండానే ఒప్పేసుకున్నాను. ఆ రోజు గుర్తొచ్చింది. వాడి వీడ్కోలుకు చొక్కా కొనాలని హడావిడిగా బయల్దేరుతున్నాను.

మా మేనేజరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఆరు లైన్లూ తిరిగి పెట్టాను. తర్వాత ఇద్దరం పదకొండు నెలల రికార్డులు తిరగేశాం. ఒకే నంబరు ఒకే రోజు రెండుసార్లు వచ్చినవి మూడు తేలాయి. రెండింట్లో రెండు సీసాలూ ఒకే మనిషివి. మూడోదాంట్లో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరి వెనక ఒకరు వచ్చి థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నారు.

ల్యాబు డాక్టరమ్మ ఇద్దర్నీ పిలిపించి మళ్ళీ రక్తం తీయించింది. మూడో రోజు ఫోన్ చేసింది. రిపోర్టులు తారుమారయ్యాయి. ఒకావిడ నాలుగు నెలలుగా తనకు అక్కర్లేని మాత్రలు మింగుతోంది. ఆ మాత్రలు కావలసిన ఆవిడ నీరసమని మళ్ళీ వస్తే, రిపోర్టు శుభ్రంగా ఉంది కదమ్మా, ఊరికే అనుమానం పెట్టుకోకు అని పంపేశారు.

"మందులు సరిచేశాం. ఇద్దరూ కోలుకుంటారు లెండి," అంది డాక్టరమ్మ.

నాకు ఊరట కలగలేదు. తన ఒంట్లో ఏదో తేడాగా ఉందని ఆవిడ అనుమానపడింది. అది నిజమే. అబద్ధమని నాలుగు నెలలు నమ్మించింది మేము.

ఆ సాయంత్రం తమ్ముణ్ణి ఆఫీసుకు రమ్మన్నాను. పుస్తకం గురించే అనుకుని నవ్వుతూ వచ్చాడు.

"పెడుతున్నావా అక్కా?"

ఏడో అధ్యాయం తెరిచి ముందు పెట్టాను. కంప్యూటర్ వాడి వైపు తిప్పి ఫైలు చరిత్ర చూపించాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. వాడి మొహం పాలిపోయింది.

"నన్ను వెక్కిరించడానికే రాశావనుకున్నాను," అన్నాను.

"వెక్కిరించడమా? నీ కోడ్‌ని నీకంటే బాగా రాశానని నువ్వే అన్నావు కదక్కా. 'చాలా బాగుంది' అన్నావు. నీ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. అది చూసుకునే ఈ పుస్తకం మొదలుపెట్టాను."

పుస్తకంలో గీత గీసిన చోట వేలు పెట్టాను.

"ఆ ఆరు లైన్లూ తీసేటప్పుడు నీకు అనుమానం రాలేదురా?" అని అడిగాను.

"వచ్చింది. తప్పైతే నువ్వు పట్టుకుంటావు కదా అనుకున్నాను. నువ్వు పట్టుకోలేదు. ఇంక అనుమానమెందుకు?"

వాడు పుస్తకం మూసి చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ అధ్యాయం మళ్ళీ రాయాలి. ఆ ఇద్దరి సంగతీ రాస్తాను. నేను అడగకుండా తీసేశానని కూడా," అన్నాడు.

"చూడాల్సిన మనిషి చూడలేదని కూడా రాయి."

"రాస్తాను." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. చిన్నప్పటి నుంచి నేను అన్న ప్రతి మాటా కళ్ళకద్దుకున్నవాడు, మొదటిసారి నన్ను అనుమానంగా చూశాడు.

"ఈసారి చదువుతావా?"

బల్ల అవతల ఉన్న కుర్చీని నా పక్కకు లాగాను.

"ఇలా వచ్చి కూర్చో. నీ ఎదురుగానే చదువుతాను."