తిప్పేసిన నీళ్ళ పడవ

సింగపూరులోని హౌగాంగ్‌లో కుమారమ్మ ఉండే బ్లాకు కింద ఏటా ఫిబ్రవరిలో ఒక రోజు చలివేంద్రం పెడతారు. పోయిన మామగారు సాంబమూర్తి పేరు మీద మజ్జిగా, మంచినీళ్ళూ. ఎండ ఏడాది పొడుగునా కాసే ఊళ్ళో ఆ ఒక్క రోజే ఎందుకని ఎవరూ అడగలేదు. ఈసారి మనవరాలు సరయు అడిగింది. అడిగి ఊరుకుందా, వాళ్ళ నాన్న చెప్పింది విని ఇంత బోర్డు చేయించుకొచ్చింది: యుద్ధంలో దీవి సైనికులకు చివరిదాకా నీళ్ళు మోసిన వీరుడు అని.

"తీసెయ్యవే తల్లీ."

"వై నానమ్మా? ముత్తాత హీరో కదా!"

మంచంపట్టిన అత్తగారు చెవిలో వేసిపోయిన మాటని కుమారమ్మ తన కొడుక్కి కూడా చెప్పలేదు. తీరానికెదురుగా ఉన్న ఆ చిన్న దీవిలో బావి లేదు. ఉన్నది గుప్పెడు మంది సిపాయిలు, మీదికొచ్చింది ఓడల నిండా జపానువాళ్ళు. రోజూ పడవలో నీళ్ళ పీపాలు చేరవేసేది సాంబమూర్తే. ఫిబ్రవరిలో ఇదే రోజు, ఆఖరి రోజు, సగం దూరం వెళ్ళి పడవ తిప్పేశాడు. దీవి ఒడ్డున సిపాయిలు చేతులూపుతుంటే చూసి కూడా తిప్పేశాడు. ఆ నీళ్ళతోనే ఇంట్లో అన్నం వండుకుని తిన్నారు. దీవిలో ఒక్కడూ మిగల్లేదు.

బోర్డు చదివి ఓ మలయ్ ముసలాయన ఆగాడు. పేరు హంజా, ఉండేది యీషున్‌లోనట.

"మా నాన్న ఆ దీవిలోనే పోయాడు చెల్లెమ్మా," అన్నాడు మలయ్‌లో. "నేనప్పటికి కడుపులో ఉన్నా. గొంతు తడవకుండా పోయాడేమోనని మా అమ్మ బతికినన్నాళ్ళూ ఏడ్చింది. మీ మామగారు నీళ్ళిచ్చాడన్నమాట!"

రెండు చేతులా గ్లాసందుకున్నాడు. ఊఁ అంటే చాలు, ఆయన చల్లగా తాగి వెళ్ళిపోతాడు. ఊఁ అనబోయింది కూడా.

"ఇవ్వలేదన్నా. ఆ రోజు సగం దారిలో వెనక్కి తిప్పేశాడు. ఆ నీళ్ళు మావాళ్ళే తాగారు."

"భయపడ్డాడా?"

"భయపడ్డాడు."

హంజా తాగకుండానే, చుక్క ఒలక్కుండా గ్లాసు బల్ల మీద పెట్టేసి, కర్ర తీసుకుని బస్టాపు వైపు నడిచాడు. సరయు బోర్డు బోర్లా తిప్పేసింది. నానమ్మ వైపు చూడలేదు.

"ఆంటీ, ఈ గ్లాసు ఎవరికైనా చోప్ చేసి, అట్టే పెట్టి ఉంచారా?" అంది వరసలో ఉన్న పక్కింటి చాందిని.

"ఉంచానమ్మా. ఆ దీవిలో వాళ్ళది. నీకు వేరేది ఇస్తా, రా," అని కుమారమ్మ దానిమీద మూత పెట్టి, తలెత్తకుండా మజ్జిగ పోసింది.