యోబు కడుపు కోసం ఉపవాస ప్రార్థన

మా ఆయన యోబు మందు మానేశాడని నేను చెప్పుకోవాల్సిన పని లేకపోయేది. రేపల్లె చుట్టుపక్కల ప్రార్థన గుళ్ళన్నీ చెప్పుకునేవి. ఎక్కడ సభ పెట్టినా మా సంఘ పెద్ద లూకన్న ఈయన్ని వెంటబెట్టుకెళ్ళి మైకు ముందు నిలబెట్టేవాడు. "నేను తాగుబోతునండి. భార్యని కొట్టినవాణ్ణి. దేవుడు నన్ను మార్చాడు" అని ఈయన సాక్ష్యం చెబుతుంటే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నన్ను కొట్టిన సంగతి ఊరూరా మైకులో చెప్పటం నాకేం నచ్చేది కాదు. పోనీలే, కొట్టటం మానాడు కదా, అది చాలని ఊరుకునేదాన్ని.

ఆ వేసవిలో మిల్లు లారీ మీద బాపట్లకి బియ్యం బస్తాలు దింపటానికి వెళ్ళాడు. పని అయ్యాక పాత జతగాళ్ళు కలిసి సూర్యలంక సముద్రం ఒడ్డుకి లాక్కెళ్ళారంట. అక్కడ నాటుసారా. నీళ్ళు కూడా కలపకుండా పోసుకున్నారు. రెండేళ్ళ కరువంతా ఒక్క పూటలో తీర్చుకున్నాడు మహానుభావుడు.

మర్నాడు కడుపు పట్టుకుని ఇంటికొచ్చాడు. నోటి నిండా లవంగాలు. నాకు తెలీదా? ఆ వాసనతోనే కాపురం చేసినదాన్ని.

"తాగావు కదూ?" అన్నాను.

"అరవకే రిబ్కా, నీకు దణ్ణం పెడతాను. వచ్చే ఆదివారం తెనాలి సభలో నా సాక్ష్యం ఉంది. ఈ మాట బయటికొస్తే ఏ ముఖం పెట్టుకుని గుళ్ళో అడుగుపెట్టను?"

ఒళ్ళు మండిపోయింది. చీపురు తీసుకుందామనే అనిపించింది. కానీ "ఒరే యోబుగా" అని పిలిచిన నోళ్ళే ఇప్పుడు "యోబుగారూ, రండి, కూర్చోండి" అంటున్నాయి. ఆ "గారు" కోసం ఈయన ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు. జాలేసి నోరు మూసుకున్నాను.

నొప్పి తగ్గలేదు. బొడ్డు పైన నిప్పు పెట్టినట్టు ఉందంటాడు. వాము నీళ్ళిచ్చాను, మజ్జిగిచ్చాను. ఈయన కొట్టుకెళ్ళి ఒళ్ళు నొప్పుల బిళ్ళలు తెచ్చుకుని పూటపూటా మింగాడు. ఆసుపత్రికి పోదామయ్యా అంటే, "అక్కడ తాగావా అని అడుగుతారే. నర్సు మాణిక్యమ్మ మన గుడి మనిషే" అంటాడు. ఎవరడిగినా గ్యాసు అని చెప్పాడు.

గ్యాసు సంగతి లూకన్న చెవిన పడింది. వచ్చి ఈయన పొట్ట మీద చెయ్యి వేశాడు.

"సాతాను నిన్ను సభకి రానివ్వకుండా అడ్డం పడుతున్నాడు తమ్ముడూ. శుక్రవారం మీ ఇంట్లోనే ఉపవాస ప్రార్థన పెడదాం."

శుక్రవారం పొద్దున్నే చాపలు పరిచాం. వాకిలి దాకా జనం. ఎవరూ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, అందరూ మా ఆయన కడుపు కోసమే. "అన్నా, జబ్బు మనిషి, రెండు ముద్దలు మజ్జిగన్నం పెడతాను" అన్నాను. లూకన్న సరేనన్నాడు కూడా. ఈయనే ఒప్పుకోలేదు. "అంతమంది నా కోసం పస్తుంటే నేను తింటానా?" అన్నాడు. అందరూ "స్తోత్రం" అన్నారు. పెరట్లోకెళ్ళి ఉత్త కడుపున రెండు నొప్పి బిళ్ళలు మింగటం నేనొక్కదాన్నే చూశాను.

పాట ఎత్తుకున్నారు. ఆ పాట మధ్యలోనే ఈయన లేచి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. నల్లగా, కాఫీ గుండ కలిపిన నీళ్ళలా ఉంది. ఉపవాసం ఉన్నవాడి కడుపులోకి కాఫీ ఎక్కణ్ణించి వస్తుంది?

అప్పటికి 108 బండి కొత్తగా వచ్చింది. లూకన్న సెల్లులో ఫోన్ చేసి, మాతోపాటే ఎక్కాడు. తెనాలి పెద్దాసుపత్రి దాకా ఈయన తల ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉన్నాడు. ఆయన్ని ఏమనగలను చెప్పండి? నిజంగానే ఏడుస్తున్నాడు.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. "మందు తాగుతాడా?" అంది.

"అయ్యో, లేదమ్మా!" అన్నాడు లూకన్న, ఈయన నోరు తెరిచేలోపే. "ఈయన మా సంఘానికే సాక్షి అండి. చుక్క ముట్టడు."

డాక్టరమ్మ ఈయన వంక చూసింది. ఈయన అడ్డంగా తల ఊపాడు. ఊపుతూనే నా కొంగు గట్టిగా పట్టుకున్నాడు. చెప్పకే అని. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆ క్షణాన నాకు సభా గుర్తు రాలేదు, పరువూ గుర్తు రాలేదు.

"తాగాడండి" అన్నాను. "సూర్యలంకలో నాటుసారా తాగాడు. అప్పట్నించీ రోజూ నొప్పి బిళ్ళలు మింగుతున్నాడు. ఇవాళ పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా లేవు. నల్లగా వాంతి చేసుకున్నాడు, నా కళ్ళతో చూశాను."

"కడుపులో పుండు పడి నెత్తురు కారుతోందమ్మా. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అని కేకలేస్తూనే నర్సుల్ని పిలిచింది. మంచం లోపలికి తోసుకెళ్ళారు. నా కొంగు ఈయన చేతిలోంచి లాక్కోవాల్సి వచ్చింది.

లూకన్న నా వంక చూడలేదు. బైబిలు చంకలో పెట్టుకుని వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. "అయితే నేనందరికీ అబద్ధం చెప్పానా అమ్మా?" అన్నాడు చివరికి. రక్తం కావాలంటే మాత్రం చొక్కా చెయ్యి మడిచి ఇచ్చి, రేపల్లె బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆదివారం వచ్చింది. ఆ తెనాలిలోనే సభ. ఆసుపత్రికి మా గుడివాళ్ళు ఒక్కరూ రాలేదు. ఈయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పాలు పట్టబోతే మూతి బిగించాడు.

"అందరి ముందూ చెప్పేశావు కదే. పోతే మంచివాడిగా పోయేవాణ్ణి" అన్నాడు.

ఇక నా వల్ల కాలేదు. పక్క మంచాల వాళ్ళు వింటున్నారని కూడా చూసుకోలేదు.

"ఆ మంచివాడి శవాన్ని నేనేం చేసుకోనయ్యా? పెట్టె ముందు మైకు పెట్టి లూకన్న నీ సాక్ష్యం చెబుతుంటే, ఇంత తాగి చచ్చాడని లోపల్లోపలే ఏడుస్తూ కూర్చోనా? కొట్టినప్పుడూ భరించాను, మానినప్పుడూ సంతోషపడ్డాను. నాకు సాక్షి అక్కర్లేదు, మొగుడు కావాలి."

వెక్కి వెక్కి ఏడ్చాను. ఈయన వీపు కూడా అదిరింది, ఏడుస్తున్నాడని తెలిసింది. చల్లారిన పాల చెంచా పట్టుకుని అలాగే నిలబడ్డాను. చెయ్యి లాగుతున్నా దించలేదు.

కాసేపటికి ఇటు తిరిగి పాల చెంచాకి నోరు తెరిచాడు.