గడ్డి కింద ఉత్తరం

“నువ్వే రాసిపెట్టమ్మా. నీ చేతిరాత పాపకి తెలియదు. పైగా వంకర్లు పోతుంది కదా, అచ్చం ముసలాయన రాసినట్టే ఉంటుంది” అన్నాడు మా అబ్బాయి నవ్వుతూ.

నేను బీన్సుకి ఈనెలు తీస్తున్నాను. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. అరవై రెండేళ్ళు నిండాక, మా ఆయన పోయిన ఏడాదికి, చర్చి వెనక హాల్లో మధ్యాహ్నం పూట, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, సిస్టర్ దగ్గర కూర్చుని నేర్చుకున్న అక్షరాలు నావి. ఇంతవరకూ వాటితో నా పేరు రాసుకున్నాను, కొట్టుకి చీటీ రాశాను, పింఛను కాగితం మీద వేలిముద్ర బదులు సంతకం పెట్టాను. ఉత్తరం రాయమని నన్నొకరు అడగడం ఇదే మొదటిసారి. అదీ లేని మనిషి పేరుతో.

పాప రాసిన ఉత్తరం బల్ల మీద ఉంది. ముందు గదిలో బాలయేసు కోసం అట్టలతో కట్టిన పశువుల పాకలో, గడ్డి కింద దాచిందట. దుమ్ము దులుపుతుంటే కోడలికి దొరికింది. నేను కూడబలుక్కుంటూ చదివాను.

“క్రిస్మస్ తాతా, నువ్వు నిజంగా ఉన్నావా? వచ్చే శనివారం నా మొదటి పాపసంకీర్తనం. చేసిన పాపాలన్నీ ఫాదర్‌కి నిజంగా చెప్పుకోవాలని సత్యోపదేశం క్లాసులో చెప్పారు. నువ్వున్నావని తమ్ముడికి నేనే చెప్పాను. వాడు నమ్మాడు. నువ్వు లేకపోతే అది నా పాపం అవుతుంది. అందుకని శనివారం లోపల చెప్పు. బొమ్మ వద్దు. జవాబు చాలు.”

“ఎనిమిదేళ్ళ పిల్లకి ఎంత కష్టం తెచ్చిపెట్టామో చూశారా అత్తయ్యా” అంది కోడలు. “నేను మొదటినుంచీ వద్దనే అంటున్నాను. రేపు ఈ తాత ఉత్తుత్తి తాత అని తెలిశాక, కంటికి కనపడని వాళ్ళందరూ ఉత్తుత్తే అనుకోదూ? బాలయేసుని కూడా మీరే కల్పించారా అని అడిగితే ఏం చెప్పాలి?”

“అందరి ఇళ్ళల్లోనూ ఉన్నదేగా! అక్కా నేనూ నమ్మలేదా? పెద్దయ్యాక పూజకి వెళ్ళడం మానేశామా? ఇంకొక్క ఏడాది. ‘ఉన్నాను తల్లీ, బుద్ధిగా ఉండు’ అని రెండు ముక్కలు రాస్తే అయిపోతుంది.”

“మీకేం, రెండు ముక్కలు! కొనేది నేను, దాచేది నేను, రంగు కాగితం చుట్టేది నేను. పొద్దున్నే పిల్లలతో కలిసి ‘అబ్బ, తాత ఎంత మంచివాడో’ అని ఆశ్చర్యపోయేది కూడా నేనే. దండాలు మాత్రం ఆ గడ్డానికి.”

నాకు నవ్వొచ్చింది. అవన్నీ నాకు తెలిసిన మాటలే. ఒక్కటీ ఎప్పుడూ పైకి అనలేదు, అంతే.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. తాత ఉత్తరాలు ఏ తీరుగా ఉంటాయో చూసి రాద్దామని మా ఆయన అలమారలోంచి పాత బిస్కట్ల డబ్బా దించాను. మూత తియ్యగానే నాఫ్తలీన్ వాసన. ఎర్ర టోపీ, దాని కింద దూది గడ్డం. ఏటా చర్చి ఆవరణలో తాత వేషం మా ఆయనదే. ఆ గడ్డం మాత్రం నేను ఆసుపత్రి దూది తెచ్చి గుడ్డ మీద పొరలు పొరలుగా కుట్టింది. ఆయన అది పెట్టుకుని గంట వాయిస్తూ వస్తుంటే పిల్లలు కేకలు పెట్టేవాళ్ళు. ఆడవాళ్ళు నాతో “మీ ఆయనకి పిల్లలంటే ఎంత ప్రాణమో” అనేవాళ్ళు. కిటికీలోంచి ఎండ ఒక పక్కకి ఒరిగి డబ్బాలో పడుతోంది. ఆ వెలుతురులో దూది కొంచెం కదిలినట్టనిపించింది, ఎవరో దాని వెనక మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు.

గడ్డం అడుగున మా పిల్లలు తాతకి రాసిన ఉత్తరాలున్నాయి. అప్పట్లో వాళ్ళూ పాకలో గడ్డి కిందే పెట్టేవాళ్ళు. పాక కట్టేది, గడ్డి పరిచేది నేనే కాబట్టి ఉత్తరం ముందు నా చేతికే వచ్చేది. నేను విప్పేదాన్ని. పెన్సిలు వాసన చూసేదాన్ని. అంచుల్లో వేసిన నక్షత్రాల మీద వేలు పెట్టి తిప్పేదాన్ని. నా కళ్ళ ముందు అక్షరాలు చీమల్లా వరసగా ఎటో వెళ్ళిపోయేవి. తర్వాత మడిచి మా ఆయనకి ఇచ్చేదాన్ని. ఆయన చదివి “అబ్బాయికి కారు కావాలట, అమ్మాయికి బొమ్మ కావాలట” అని చెప్పేవారు. తాత జవాబు ఎడంచేత్తో రాసేవారు, పిల్లలు గుర్తుపట్టకుండా.

మా ఇంట్లో రెండు కథలు నడిచేవి. ఒకటి, తాత ఉన్నాడని. రెండోది, అమ్మకి చదవడం వచ్చని. పెద్దది కడుపులో ఉన్నప్పుడే ఆయన అన్నారు: “చదువురాని తల్లంటే పిల్లలకి లోకువ. వాళ్ళకి తెలియనివ్వకు.” నా మంచికే చెబుతున్నారనుకున్నాను. పోనీ మీరే నేర్పండి అని ఒకసారి అడిగితే “ఇప్పుడు నేర్చుకుని ఏం ఉద్ధరిస్తావు? చదివిపెట్టడానికి నేను లేనా?” అన్నారు. అప్పటినుంచీ అమ్మాయి పాఠం పట్టుకొస్తే “నాన్ననడుగు, పొయ్యి మీద పాలున్నాయి” అనేదాన్ని. అలా ఎన్నిసార్లు లేని పాలు పొంగించానో. పూజలో పక్కావిడ పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని. తీరా చూస్తే ఒకసారి ఆవిడ చేతిలో ఉన్నది పాటల పుస్తకం, నా చేతిలో ఉన్నది ప్రార్థనల పుస్తకం. ఆసుపత్రిలో చిరిగిన దుప్పట్లు కుట్టే గదిలో నా పని. అక్కడ రోజూ హాజరుకి వేలిముద్ర వేసి, ఆ నీలం మరక ఇంటికి రాకుండా దారిలో గోడకేసి రుద్దుకునేదాన్ని. తాత అబద్ధం గురించి ఒక ఏడాది పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను. ఫాదర్ తెర వెనక నవ్వి “పిల్లల సంతోషం కోసమే కదమ్మా, మూడు మంగళవార్త జపాలు చెప్పుకో” అన్నారు. రెండో దాని గురించి ఎప్పుడూ చెప్పలేదు. అది పాపమని తోచలేదు. సిగ్గు అనుకున్నాను. సిగ్గుని తెర ముందు ఎవరు చెప్పుకుంటారు?

ఒక్కొక్క ఉత్తరమే తీసి చదువుతున్నాను. అబ్బాయివి పొట్టిగా ఉన్నాయి. కారు, బంతి, ఇంకో కారు. ఆ పిల్లాడు ముప్పై నాలుగేళ్ళు ఆగి ఇప్పుడు నాతో మాట్లాడుతున్నట్టుంది. ముద్దొచ్చి, చదివిందే మళ్ళీ చదివాను. తర్వాత అమ్మాయిది ఒకటి తీశాను. అది పొడుగ్గా ఉంది, అంచుల్లో నక్షత్రాలు లేవు. తొమ్మిదో ఏట రాసింది.

“క్రిస్మస్ తాతకి. నువ్వెవరో నాకు తెలిసిపోయింది. కిందటేడు ఇచ్చిన బొమ్మ గౌను లోపల, అంచు దగ్గర రెండు ముళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. అవి మా అమ్మ వేసే ముళ్ళు.”

నేను కాగితం ఒళ్ళో పెట్టుకున్నాను. దుప్పట్ల గదిలో ఎవరు కుట్టింది ఏదో తెలియడానికి ఒక్కొక్కరికి ఒక్కో గుర్తుండేది. చదువొచ్చిన వాళ్ళు పేరులో మొదటి అక్షరం కుట్టేవాళ్ళు. నేను రెండు ముళ్ళు వేసేదాన్ని. బొమ్మ గౌనుకి కూడా చెయ్యి అలవాటు కొద్దీ అదే వేసేసింది. మా ఆయన ఎడంచేత్తో అంత జాగ్రత్తగా దాచిన తాతని నా కుడిచెయ్యి పట్టిచ్చేసింది. చిత్రమేమిటంటే, ముందు నాకు సంతోషం కలిగింది. నా కూతురు నా రాత చదివింది.

మిగతాది చదివాను.

“అమ్మా, ఈసారి నాకు బొమ్మ వద్దు. నువ్వు కళ్ళు నులుముకుంటూ కుట్టడం చూశాను. పండగ రోజు నువ్వు కూడా మాతో కూచుని తిను, అంతే చాలు. నాకు తెలుసని తమ్ముడికి చెప్పను. ఇది నీకూ నాకూ మధ్యే. నువ్వు చదివావని నాకు తెలియాలంటే, రేపు నా జడకి తెల్ల రిబ్బను కట్టు. నీకిష్టం లేకపోతే ఎర్రది కట్టు. అప్పుడు నేనేమీ అడగను.”

ఎండ డబ్బా మీంచి గోడ మీదికి పాకింది. ఆ గోడ మీద, ముప్పై నాలుగేళ్ళ వెనక పొద్దు కనపడుతోంది. నా తొమ్మిదేళ్ళ పిల్ల జడ విప్పుకుని నిలబడింది. రెండు గుప్పిళ్ళూ చాచింది. ఒక గుప్పిట్లో తెల్లది, ఒక గుప్పిట్లో ఎర్రది. “ఏది కట్టను?” అన్నాను. “నీ ఇష్టం అమ్మా” అంది. ఎప్పుడూ ఎర్రదే కావాలని గోల చేసే పిల్ల ఇవాళింత నెమ్మదిగా ఉందేమిటని మురిసిపోయాను. ఎర్రది తీసుకుని, పువ్వులా విప్పి, గట్టిగా కట్టాను. “అద్దంలో చూసుకో, ఎంత బాగుందో” అన్నాను. అది అద్దంలో జడ చూసుకోలేదు. నన్ను చూసింది.

ముందు రోజు నేను ఉత్తరం విప్పి, చిరునవ్వు నవ్వి, మడవడం తలుపు సందులోంచి చూసే ఉంటుంది. తల్లి చదివింది, నవ్వింది, తీరా ఎర్ర రిబ్బను కట్టింది.

మా ఆయన ఆ ఏడాది “అమ్మాయికి కళ్ళు మూసి తెరిచే బొమ్మ కావాలట. దానికి మంచి గౌను కుట్టు” అన్నారు. ఉన్నదొకటి చదివి ఇంకొకటి చెప్పారు. అమ్మాయికి తెలిసిపోయిందని ఒప్పుకుంటే వేషం విప్పాల్సొస్తుందనుకున్నారో, నేను వాళ్ళతో కూచుంటే వడ్డించేదెవరనుకున్నారో! అడుగుదామంటే ఆయన లేరు. నేను గౌను కుట్టాను. పండగ రోజు వడ్డించి, చివర్న వంటింట్లో నిలబడి తిన్నాను. అమ్మాయి బొమ్మని మంచం మీద పెట్టి ఊరుకుంది. “ఇంత కష్టపడి చేస్తే ముట్టుకోదేం, పొగరు కాకపోతే!” అన్నాను. నేనే అన్నాను. మర్నాటినుంచి జడ తనే వేసుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడది దూరాన ఇంకో ఊళ్ళో ఉంటుంది. ఫోను చేస్తే “మందులు వేసుకుంటున్నావా? సరే అయితే” అంటుంది. నేనేదైనా తరిచి అడిగితే “నీకు చెప్పి లాభం లేదులే అమ్మా” అంటుంది. కోపంగా అనదు. ఎప్పుడో మూసిన తలుపు గురించి చెప్పినట్టు అంటుంది. దాని పిల్లలకి క్రిస్మస్ తాత లేడు.

నేను డబ్బా మూసేశాను. కాగితం తీసుకుని పాపకి జవాబు రాయడానికి కూర్చున్నాను. సిస్టర్ చెప్పినట్టు గీత తప్పకుండా, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశాను. కుట్టుపని లాంటిదే, తొందరపడితే ముడి పడుతుంది. సాయంత్రం అబ్బాయి, కోడలు వచ్చాక బల్ల మీద పెట్టాను. అబ్బాయి పైకి చదివాడు.

“పాపా, తాత లేడు. ఆ పని మీ అమ్మ చేస్తుంది. మీ నాన్న చిన్నప్పుడు నేను చేశాను. నువ్వు నమ్మి తమ్ముడికి చెప్పావు. నమ్మి చెప్పింది పాపం కాదు. తెలిసి చెప్పాం కాబట్టి అది మాది. మేం చెప్పుకుంటాం. బాలయేసుని మేం కల్పించలేదు. కల్పిస్తే ఆయన్ని పాకలో పడుకోబెట్టేవాళ్ళం కాదు. ఇట్లు, నానమ్మ.”

“ఏంటమ్మా ఇది? నేనేం రాయమన్నాను, నువ్వేం రాశావు?”

“నువ్వు చెప్పింది రాయడానికైతే నాకు చదువెందుకురా? మీ నాన్న గడ్డం అలాగే ఉంది, తగిలించుకుని నువ్వే రాసుకో” అన్నాను.

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియదు. తర్వాత కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. వడ్డించడానికి లేవలేదు. అబ్బాయి కాసేపు చూసి, తనే వెళ్ళి కంచాలు తెచ్చాడు.

పాప ఉత్తరం రెండుసార్లు చదివి, పెద్ద బరువు దించినట్టు నిట్టూర్చింది. “నానమ్మా, మరి నాన్నకి తాత ఉత్తరాలు ఎవరు రాసేవాళ్ళు?”

“మీ తాతయ్య.”

“అయితే ఎవరో ఒక తాత ఉన్నాడుగా!” అని, మళ్ళీ ఆలోచించి, “నువ్వెందుకు రాయలేదు?” అంది.

అందరూ నా వైపు చూశారు. పొయ్యి మీద పాలు లేవు.

“నాకప్పుడు చదువు రాదు పాపా” అన్నాను. చెప్పాక చూస్తే, ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది. పాప తన రబ్బరు తెచ్చి నా ముందు పెట్టింది. “నీ రాతలో కొట్టివేతలు ఎక్కువ. ఇది వాడుకో.”

శనివారం పాప చర్చిలో తెర ముందు మోకరించి, అర నిమిషంలో గెంతుకుంటూ బయటికొచ్చింది. దాని తర్వాత నేను వెళ్ళాను. నాకు చాలాసేపు పట్టింది.

ఇంటికొచ్చి, దారిలో కొన్న మూరెడు తెల్ల రిబ్బను బల్ల మీద పరిచాను. ఒక చివర పక్కపక్కనే రెండు ముళ్ళు వేసి కవరులో పెట్టాను. కొత్త కాగితం తీసుకున్నాను. మొదటి మాట దగ్గరే చాలాసేపు ఆగాను. తర్వాత రాశాను:

“అమ్మలూ, నీ ఉత్తరం చదివాను. మొన్ననే.”